గన్నవరానికి ఏ విమానం సరిపోతుంది?

2024 జనవరి 22న ఎయిరిండియా తన తొలి ఎయిర్‌బస్ ఎ350లో ప్రయాణికులను ఎక్కించింది. ఢిల్లీలో లేచి ఎక్కడా ఆగకుండా న్యూయార్క్‌లో దిగగల విమానం అది. బిజినెస్‌లో 28, ప్రీమియం ఎకానమీలో 24, ఎకానమీలో 264, మొత్తం 316 సీట్లు. అలాంటిదాన్ని మొదట లండన్‌కు పంపలేదు, న్యూయార్క్‌కూ పంపలేదు. బెంగళూరు, ముంబయి, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్‌ల మధ్య తిప్పారు. సముద్రాలు దాటాల్సిన విమానం గంటన్నర, రెండు గంటల ప్రయాణాలు చేస్తుంటే చూసినవాళ్ళకు వృథా ఖర్చు అనిపించడం సహజం.

కారణం పైలట్లు. విమానం నడపడం వచ్చినంత మాత్రాన ఏ విమానమైనా నడపనివ్వరు. ప్రతి రకానికీ విడిగా అనుమతి ఉండాలి. సిమ్యులేటర్‌లో నేర్చుకున్నాక, అసలు విమానంలో అనుభవమున్న శిక్షకుడి పక్కన కూచుని కొన్ని టేకాఫ్‌లు, కొన్ని ల్యాండింగ్‌లు చేసి చూపాలి. న్యూయార్క్ వెళ్ళిరావడానికి రెండు రోజులు పడుతుంది, దొరికేది రెండు ల్యాండింగ్‌లు. అదే విమానాన్ని దేశంలో తిప్పితే ఒక్క రోజులో నాలుగు దొరుకుతాయి. క్యాబిన్ సిబ్బందికి తలుపులు, వంటగది అలవాటు కావాలి. కింద సామాను ఎక్కించేవాళ్ళకు, ఇంజనీర్లకు చేయి తిరగాలి. ఏదైనా భాగం మొరాయిస్తే సొంత వర్క్‌షాపు దగ్గర్లో ఉండాలి. 2012 సెప్టెంబరులో బోయింగ్ 787 వచ్చినప్పుడు కూడా ఎయిరిండియా దాన్ని ముందు ఢిల్లీ-చెన్నై, ఢిల్లీ-బెంగళూరు రూట్లలోనే నడిపింది. ఎ350 విషయంలో ఆ తర్వాత మే నెలలో దుబాయ్, సెప్టెంబరులో లండన్, నవంబరులో న్యూయార్క్ వరుసగా వచ్చాయి.

కాబట్టి కొత్త విమానం మొదట తిరిగే రూట్లు దాని అసలు రూట్లు కావు. అసలు ఎంపిక ఆ తర్వాత మొదలవుతుంది. మా కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళకు ఆ ఎంపికతో నేరుగా సంబంధం ఉంది. మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు వైపు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గల్ఫ్‌లోనో బిడ్డలున్న ఇళ్ళు ఏ వీధిలోనైనా కనిపిస్తాయి. కూతురి పురిటికి వెళ్ళే తల్లి, ఎమ్మెస్ సీటు వచ్చిన కుర్రాడు, మనవడి పుట్టినరోజుకు వెళ్ళే తాత, అందరూ విజయవాడ వాళ్ళ గన్నవరం విమానాశ్రయాన్ని ఇంటికి గంటన్నర దూరంలో వదిలేసి, ఆరేడు గంటలు కారులో కూచుని హైదరాబాద్ దగ్గరి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ ప్రయాణం ఎంత కష్టమో విమానం ఎక్కకముందే తెలిసిపోతుంది. గన్నవరం నుంచి అమెరికాకు డైరెక్ట్ ఫ్లైటు ఎప్పుడేస్తారని ప్రతి ఎన్నికల్లోనూ అడుగుతారు. నాయకులు తలచుకుంటే అయిపోయే పనిగా అందరూ దాన్ని భావిస్తారు. నాయకుల పాత్ర లేకపోలేదు. కానీ జవాబులో ఎక్కువ భాగం ఇంధనం బరువులోనూ సీట్ల లెక్కలోనూ ఉంది. ఆ లెక్క తెలిస్తే మనం అడగాల్సింది వేరే అని నా అభిప్రాయం.

ముందు బరువు సంగతి. మండవల్లి చెరువు గట్టు మీద హౌరాకో గువాహటికో చేపల లారీ ఎత్తించేవాళ్ళకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. లారీ మోయగల బరువు మారదు. దూరం పెరిగేకొద్దీ ఐసు ఎక్కువ వేయాలి. ఐసు పెరిగిన మేరకు చేప తగ్గుతుంది, డబ్బు మాత్రం చేపకే వస్తుంది. విమానంలో ఐసు స్థానం ఇంధనానిది.

బోయింగ్ 787-8 ఖాళీగా సుమారు 120 టన్నులు తూగుతుంది. మనుషులు, సామాను, సరుకు కలిపి గరిష్ఠంగా 41 టన్నుల దాకా ఎక్కించవచ్చు. ట్యాంకులన్నీ నింపితే ఇంధనం 101 టన్నులు. మూడూ కూడితే 262. కానీ నేల విడిచేటప్పుడు ఆ విమానం బరువు సుమారు 228 టన్నులు దాటకూడదు. అంటే పూర్తి లోడు, పూర్తి ఇంధనం రెండూ ఏకకాలంలో కుదరవు. 34 టన్నులు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. దగ్గరి ఊరికైతే ఇంధనం తగ్గిస్తారు, ఇబ్బంది లేదు. ఒక దూరం దాటాక ఇంధనం తగ్గించే వీలుండదు, లోడు తగ్గించాల్సి వస్తుంది. ముందు సరుకు దిగిపోతుంది. ఇంకా దూరమైతే సీట్లు ఖాళీగా వదలాలి. ప్రతి విమాన రకానికీ తయారీదారు ఒక గీత గీసి ఇస్తాడు, ఎంత దూరానికి ఎంత బరువు మోయగలదో చూపే గీత. రూట్లు వెతికేవాళ్ళు మొదట చూసేది దాన్నే.

ఇందులో ఇంకో చిక్కుంది. పద్నాలుగో గంటలో కాల్చబోయే ఇంధనాన్ని మొదటి పదమూడు గంటలూ మోసుకుపోవాలి. ఆ మోతకు మళ్ళీ ఇంధనం ఖర్చవుతుంది. బాగా దూరపు ప్రయాణంలో అదనంగా పోసిన ప్రతి టన్నులోనూ సుమారు మూడో వంతు దాన్ని మోయడానికే కాలిపోతుంది. అందుకే అలాంటి ప్రయాణంలో దూరం రెట్టింపైతే ఇంధనం ఖర్చు రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. మధ్యలో ఒకచోట దిగి ఇంధనం పోయించుకుని వెళ్ళడమే చవక అయ్యే సందర్భాలున్నాయి. ఆగకుండా వెళ్ళే విమానానికి ప్రయాణికుడు ఎక్కువ డబ్బిస్తేనే ఆ తేడా పూడుతుంది.

మన ప్రయాణికుల సామాను కూడా ఈ లెక్కలో ఉంటుంది. అమెరికా టికెట్టు మీద చాలా సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తాయి. తెలుగు కుటుంబం ఆ 46 కిలోల్లో ఒక్క కిలో వదులుకోదు. పచ్చళ్ళు, కారప్పొడులు, అరిసెలు, పట్టుచీరలు, పసివాడికి వెండి గిన్నె, ఇంటి తూకం మీద పెట్టెను నాలుగుసార్లు తూచి మరీ సర్దుతారు. 250 మంది అలా సర్దితే 11.5 టన్నులు. వ్యాపార పనుల మీద చేతిసంచీతో వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఉండే రూటులో అంత బరువుండదు, ఆ జాగాలో డబ్బొచ్చే సరుకు వేసుకోవచ్చు. ఒకే విమానం, ఒకే దూరం, ఎక్కేవాళ్ళు వేరైతే రూటు విలువే మారిపోతుంది.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తక్కువ. రెక్క కింద గాలి పలచనైతే అదే బరువును లేపడానికి ఎక్కువ వేగం కావాలి. అదే సమయంలో ఇంజన్లకు అందే గాలీ తగ్గి వాటి తోపుడు తగ్గుతుంది. ఫలితంగా రన్‌వే మీద ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేదా బరువు తగ్గించుకోవాలి. వేడి ప్రాంతాల నుంచి బాగా దూరం వెళ్ళే విమానాలు రాత్రిపూట బయలుదేరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఈ విషయంలో గన్నవరానికి ఒక అనుకూలత ఉంది. అది సముద్ర మట్టానికి దాదాపు 25 మీటర్ల ఎత్తులోనే ఉంది. శంషాబాద్ సుమారు 617 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి దాదాపు 6 శాతం పలచన. దానికి తగ్గట్టే శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. గన్నవరంలో 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు, పొడిగించిన భాగం 2021లో వాడకంలోకి వచ్చింది. పెద్ద విమానం దిగి లేవడానికి అది చాలు. రన్‌వే లేక మనకు ఫ్లైట్లు రావడం లేదన్న మాట ఇప్పుడు నిజం కాదు.

రన్‌వే ఉన్నాక విమానం ఎందుకు రాదు? ఇక్కడే సీట్ల లెక్క మొదలవుతుంది. విమాన సంస్థలు ఖర్చును రెండు విధాలుగా చూస్తాయి. ఒకటి మొత్తం ప్రయాణానికి అయ్యే ఖర్చు, రెండోది దాన్ని సీట్లతో భాగిస్తే వచ్చే ఖర్చు. పెద్ద విమానానికి ఒక్కో సీటు ఖర్చు తక్కువ, మొత్తం ఖర్చు ఎక్కువ. చిన్నదానికి అటుది ఇటు. సీట్లన్నీ నిండుతాయని నమ్మకముంటే పెద్దది లాభం. నమ్మకం లేని చోట చిన్నదే క్షేమం, ఎందుకంటే ఖాళీగా వెళ్ళినా పోయేది కొంచెమే. కొత్త విమాన రకం మార్కెట్లోకి వచ్చినప్పుడు దూరం గురించి పెద్ద అక్షరాల్లో రాస్తారు. నా దృష్టిలో అసలు మార్పు అది కాదు. ఇదివరకు 300 మంది దొరికితే తప్ప గిట్టని దూరం ఇప్పుడు 180 మందితో గిట్టుతుందా అన్నదే అసలు మార్పు.

దీనికి మన ముంగిట్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్-విజయవాడ గాలిలో సుమారు 265 కిలోమీటర్లు. 2003లో కొత్తగా పుట్టిన ఎయిర్ డెక్కన్ ఈ రూటును తొలి రోజుల్లోనే ఎంచుకుంది. దాని దగ్గరున్నవి పంకా ఇంజన్ల ఏటీఆర్‌లు. అప్పటిదాకా జెట్‌లకే అలవాటుపడ్డ ఇండిగో 2017 డిసెంబరులో ఏటీఆర్ 72-600లను ప్రవేశపెట్టినప్పుడు హైదరాబాద్‌ను కేంద్రంగా చేసుకుంది. మొదట ఎంచుకున్న ఊళ్ళలో తిరుపతి, రాజమండ్రి, విజయవాడ ఉన్నాయి. జెట్ గంటకు 800 కిలోమీటర్లు పోతుంది, ఏటీఆర్ 500. అయినా 265 కిలోమీటర్లలో జెట్ పూర్తి వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. తేడా పది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల కోసం దాదాపు రెట్టింపు ఇంధనం కాల్చడం దండగ. పైగా 78 సీట్ల విమానంతో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేయవచ్చు. అదే జనానికి 180 సీట్ల జెట్ వేస్తే రోజుకొక్కటే. పనిమీద పోయి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవాడికి, శంషాబాద్‌లో రాత్రి ఫ్లైటు అందుకోవాల్సినవాడికి ఎన్నిసార్లు ఉందన్నదే ముఖ్యం. ఇప్పుడు వందేభారత్ రైలు సికింద్రాబాద్ నుంచి విజయవాడకు నాలుగైదు గంటల్లో చేరుస్తుంది. కేవలం హైదరాబాద్‌లో పని ఉన్నవాళ్ళు చాలామంది రైలెక్కుతారు. విమానంలో మిగిలేది ఎక్కువగా అక్కణ్ణుంచి ఇంకెక్కడికో పోయేవాళ్ళు.

మరి గన్నవరం నుంచి విదేశానికి? 2018 డిసెంబరు 4న ఇండిగో విజయవాడ నుంచి సింగపూర్‌కు వారానికి రెండు ఫ్లైట్లు మొదలుపెట్టింది. ఆ విమానాశ్రయానికి అదే తొలి అంతర్జాతీయ సర్వీసు. విమానం 180 సీట్ల ఎ320, దూరం సుమారు 3,050 కిలోమీటర్లు, దానికి ఏ మాత్రం కష్టం కాని దూరం. సీట్లు నిండకపోతే లోటును పూడుస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 2019లో ప్రభుత్వం మారింది, ఆ చెల్లింపులు ఆగాయి, జూన్ చివరికల్లా ఫ్లైటూ ఆగింది. తిరిగి 2025 నవంబరులో వారానికి మూడు సర్వీసులతో మొదలైంది. మధ్యలో 2022 అక్టోబరు 31న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు ఫ్లైటు వేసింది.

ప్రభుత్వం డబ్బివ్వడం తప్పని నేననను. కొత్త రూటు గురించి జనానికి తెలియడానికి, ట్రావెల్ ఏజెంట్లు దాన్ని అమ్మడం అలవాటు చేసుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి. కేంద్రం ఉడాన్ పథకం చేసిందీ అదే. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటిరోజు ఎగిరిన విమానాల్లో ట్రూజెట్ వారి కడప-హైదరాబాద్ ఏటీఆర్ ఒకటి. మూడేళ్ళు సాయం, తర్వాత సొంత కాళ్ళ మీద నిలబడాలన్నది షరతు. గడువు ముందే తెలిసిన సాయం వేరు, రాజకీయం మారితే ఆగిపోయే సాయం వేరు. రెండో రకాన్ని నమ్ముకుని ఏ సంస్థా తన విమానాన్ని, పైలట్లను ఒక ఊరికి కట్టిపడేయదు. సింగపూర్ రూటు విషయంలో నాకు బాధ కలిగించేది ఇదే. ఏడు నెలలు నిండకముందే ఆగిపోయిన రూటు నుంచి ఆ ఊరికి గిరాకీ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

గిరాకీ తెలుసుకోవడమే ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఏ రెండు ఊళ్ళ మధ్య ఎంతమంది టికెట్లు కొన్నారో చెప్పే బుకింగ్ లెక్కలు సంస్థలు కొనుక్కుంటాయి. కానీ మండవల్లి నుంచి డాలస్ వెళ్ళిన తల్లి టికెట్టు మీద ఏమని ఉంటుంది? హైదరాబాద్-డాలస్ అని. కారులో వచ్చిన ఆరేడు గంటలు ఏ లెక్కలోనూ ఎక్కవు. గుడివాడ వాళ్ళు, భీమవరం వాళ్ళు, ఏలూరు వాళ్ళు, తెనాలి వాళ్ళు, అందరూ హైదరాబాద్ ఖాతాలో పడతారు. ఫలితంగా కాగితం మీద గన్నవరం గిరాకీ ఉన్నదానికన్నా చిన్నగా, శంషాబాద్ గిరాకీ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. తెలివైన సంస్థలు టికెట్టు కొన్నవాళ్ళ చిరునామాల పిన్‌కోడ్‌లు, మొబైల్ ఫోన్ల కదలికల గుంపు లెక్కలు చూసి ఈ దాగిన గిరాకీని అంచనా వేస్తాయి. నిజానికి ఈ పని రాష్ట్ర ప్రభుత్వమే చేసి, ఆ లెక్కలను సంస్థల ముందు పెట్టవచ్చు. ఖాళీ సీట్లకు డబ్బు కట్టడం కన్నా ఇది చాలా చవక.

ఎంతమంది అన్నది తేలినా, ఎప్పుడు, ఎంతకు అన్న ప్రశ్నలు మిగులుతాయి. తెలుగువారి అమెరికా ప్రయాణాల్లో పెద్ద భాగం చదువులకూ చుట్టరికాలకూ. ఆగస్టులో విద్యార్థులు వెళ్తారు, అటు నిండుగా పోయిన విమానం ఇటు సగం ఖాళీగా వస్తుంది. డిసెంబరులో పిల్లలు ఇంటికొస్తారు, అప్పుడు తిరగబడుతుంది. ఈ ప్రయాణికులు రెండు నెలల ముందే అన్ని వెబ్‌సైట్లూ గాలించి అన్నిటికన్నా తక్కువ ధర పట్టుకుంటారు. దూరపు రూటులో లాభం తెచ్చేది ముందు వరసల్లోని బిజినెస్ సీట్లు. కంపెనీ డబ్బుతో వారం ముందు టికెట్టు కొనే మనుషులు ఏడాది పొడవునా ఉన్న ఊరికే పెద్ద విమానం ముందు వెళ్తుంది.

హైదరాబాద్ చరిత్రలో రెండు పక్షాలూ కనిపిస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2008లో లండన్-హైదరాబాద్ మొదలుపెట్టింది. తనకు 787లు వచ్చిన కొత్తలోనే, 2014లో, 214 సీట్ల 787-8ను ఈ రూటుకు కేటాయించింది. ఢిల్లీ, ముంబయి అంత పెద్ద గిరాకీ లేదు, అయినా సాఫ్ట్‌వేర్ కంపెనీల వల్ల ముందు సీట్లకు మనుషులున్నారు. మధ్యస్థమైన గిరాకీకి మధ్యస్థమైన విమానం. 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు తెచ్చింది కూడా 787 రకాన్నే. రెండో పక్షం చికాగో ఫ్లైటు. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి ఆగకుండా చికాగోకు వారానికొకటి చొప్పున మొదలుపెట్టింది. దూరం దాదాపు 13,300 కిలోమీటర్లు, విమానం 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్. తెలుగు నేల నుంచి అమెరికాకు ఆగని ఫ్లైటు అదే మొదటిది. అందరం సంతోషించాం. అది నిలవలేదు. వారానికొక్క ఫ్లైటంటే కంపెనీ మనుషులకు పనికిరాదు, వాళ్ళకు కావలసిన రోజున అది ఉండదు. పైగా ఆ రకం విమానాలు అప్పుడు సంస్థ దగ్గర మూడే. ఒక రూటు నష్టంలో లేకపోయినా సరే, అదే విమానం వేరే చోట ఇంకా ఎక్కువ తెస్తుందంటే అటే పోతుంది. రూట్ల ఎంపికలో ఈ పోలిక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. వందల విమానాలు, వేల ఫ్లైట్లు, ఏ విమానం ఏ గంటకు ఎక్కడుండాలి, రాత్రికి మరమ్మతు జరిగే ఊరికి ఎలా చేరాలి అన్నదంతా ఒకే గణిత సమస్యగా రాసి కంప్యూటర్లతో సాధిస్తారు. గన్నవరం అందులో ఒక గడి.

ఇప్పుడు గన్నవరం నుంచి దూరాలు చూద్దాం. మనవాళ్ళు దండిగా ఉన్న డాలస్ దాదాపు 14,500 కిలోమీటర్లు. 787-8 ఆగకుండా వెళ్ళగల దూరమే సుమారు 13,500. కాబట్టి అమెరికాకు డైరెక్ట్ అంటే ఇంకా పెద్ద, ఇంకా ఖరీదైన విమానం కావాలి, అది రోజూ నిండాలి. ఇది దగ్గర్లో జరిగేది కాదని సూటిగా చెప్పుకోవడం మంచిది. ఫ్రాంక్‌ఫర్ట్ 7,350, లండన్ 8,000. దుబాయ్ 2,800, సింగపూర్ 3,050.

ఇలాంటి మధ్యస్థ దూరాల కోసమే ఒక కొత్త విమానం వచ్చింది. ఎయిర్‌బస్ ఎ321ఎక్స్ఎల్ఆర్. సన్నని ఒంటి నడవ విమానమే, కానీ ప్రధాన చక్రాల వెనక పొట్టభాగంలో 12,900 లీటర్ల అదనపు ట్యాంకు అమర్చారు. గరిష్ఠ బరువు 101 టన్నులు, 787-8లో సగం కూడా లేదు. కాగితం మీద 8,700 కిలోమీటర్లు పోగలదు. 2024 నవంబరు 14న ఐబీరియా దీన్ని మొదటిసారి మాడ్రిడ్ నుంచి బోస్టన్‌కు నడిపింది. మన ఇండిగో ఈ రకానికి తొలి గమ్యంగా గ్రీసు రాజధాని ఏథెన్స్‌ను ప్రకటించింది. మన పెద్ద నగరాల నుంచి సుమారు 5,000 కిలోమీటర్ల దూరం, రోజూ 250 మందిని ఇచ్చేంత గిరాకీ లేని రూటు. ఇలాంటి చోట్లకే ఈ విమానం పుట్టింది.

లెక్క వేసి చూడండి. వారానికి మూడుసార్లు, 180 సీట్లు, నూటికి 80 నిండాలంటే అటువైపు వారానికి 432 మంది కావాలి. అదే 256 సీట్ల 787-8 అయితే 614 మంది. కృష్ణా, ఏలూరు, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాలన్నీ కలిపి మొదటి సంఖ్యను అందుకోవడం ఊహకు అందే విషయమే.

అయితే కాగితం మీది దూరానికీ నిజంగా ఎగిరే దూరానికీ తేడా ఉంటుంది. పడమటికి వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పైన వేగంగా వీచే గాలులు ఎదురొస్తాయి. గమ్యం మూసేస్తే పక్క ఊరికి పోవడానికి ఇంధనం దాచుకోవాలి. దారి తిన్నగా ఉండదు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిరిండియా ఫ్లైట్లు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరు నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే ఆపేశారు, చెప్పిన కారణాల్లో ఇదొకటి. కాబట్టి ఎక్స్ఎల్ఆర్‌తో గన్నవరం నుంచి లండన్ సౌకర్యంగా కుదరదు, ఫ్రాంక్‌ఫర్ట్ అంచు మీద ఉంటుంది. విదేశీ సంస్థ రావాలన్నా రెండు ప్రభుత్వాల ఒప్పందంలో ఆ ఊరి పేరు, వారానికి ఇన్ని సీట్లన్న కోటా ఉండాలి.

అందుకే మనం అడగాల్సింది అమెరికాకు ఆగని ఫ్లైటు కాదంటున్నాను. గన్నవరంలో పెట్టెలు అప్పజెప్పి, మధ్యలో ఒక్కచోట మారి, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెట్టెలు తీసుకునే ఏర్పాటు అడగాలి. దానికి పెద్ద విమానం అక్కర్లేదు. సింగపూర్ ఫ్లైటు ఇప్పటికే ఉంది. అది అక్కడికి చేరే వేళ ఆస్ట్రేలియా, అమెరికా పడమటి తీరం వెళ్ళే విమానాల వేళకు కుదరాలి, ఒకే టికెట్టు మీద అమ్మాలి. పడమటి వైపు గల్ఫ్‌లో అలాంటిదే ఇంకొకటి. ఆ తల్లికి తప్పేది ఆరేడు గంటల కారు ప్రయాణం. విమానంలో గడిపే సమయం ఏమంత తగ్గకపోయినా, అరవై దాటిన మనిషికి అది చిన్న విషయం కాదు.

విమానం పొట్టలో వెళ్ళే సరుకు కూడా రూటును నిలబెడుతుంది, కానీ అన్ని సరుకులూ కాదు. మా కొల్లేటి బొచ్చె, శీలావతి చేపలు రోడ్డు మీద పోతాయి, గడ్డకట్టించిన రొయ్య ఓడలో పోతుంది. కిలో ధర తక్కువ, తొందర లేదు. ఆకాశంలో తిరిగేది ఈ రొయ్యల తల్లులు. వనామీ తల్లి రొయ్యలను విదేశాల నుంచి బతికుండగా విమానంలో తెచ్చి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి హేచరీలకు ఇస్తారు. బతికి ఉండాలి, గంటలు లెక్క, కిలో విలువ ఎక్కువ. అలాంటి సరుకే విమానానికి గిట్టుతుంది. ఎండాకాలంలో నూజివీడు మామిడి ఒకటి ఆ కోవలోకి రావచ్చు. రెండు మూడు నెలల పంటతో ఏడాది పొడవునా విమానం నడవదు.

ఇక తాడేపల్లిగూడెం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ ఎయిర్‌స్ట్రిప్ వేశారు. గన్నవరానిదీ యుద్ధకాలపు చరిత్రే, కానీ అది విమానాశ్రయంగా మిగిలింది, గూడెం స్ట్రిప్ మూలపడింది. ఇటీవల రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలిస్తున్న ఊళ్ళలో దాని పేరు మళ్ళీ వినిపిస్తోంది. ఆ పట్టణమంటే నాకు అభిమానం, అయినా ఈ ఆలోచన నాకు నచ్చలేదు. గూడెం నుంచి గన్నవరం గాలిలో 85 కిలోమీటర్లు, రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం 45. ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే పాతదానిపై పడే ప్రభావం చూడాలని కేంద్రం 2008 విధానంలోనే ఉంది, అది ఊరికే రాసింది కాదు. వారానికి 432 మంది కావాల్సిన చోట వాళ్ళను మూడు విమానాశ్రయాలకు పంచితే ఎక్కడా ఏ రూటూ నిలవదు. గూడెంలో రన్‌వే వేస్తే మొదట వచ్చేది 78 సీట్ల ఏటీఆరే, అదీ హైదరాబాద్‌కే. ఆ విమానంలో కొత్తగా ఎక్కేవాళ్ళెందరు, గన్నవరాన్నో మధురపూడినో వదిలి వచ్చేవాళ్ళెందరు అన్నది కట్టకముందే తేల్చాలి. కొత్తవాళ్ళు కొద్దిమందే అయితే, ఆ డబ్బుతో కైకలూరు, మండవల్లి, గుడివాడ మీదుగా గన్నవరానికి రోడ్డు బాగుచేసి, సింగపూర్ ఫ్లైటు వేళకు బస్సులు నడపడం మేలు.